అమెరికాలో పాతకాలం బొంతల పోటీలు నిజంగా అంత పెద్దగా జరిగేవా?

బొంతలు కుట్టడానికి కూడా వేల డాలర్ల పోటీలు ఉండేవా అని మీరు అడిగారు. ఉండేవండి. నేను కెంటకీలో ఉంటాను, ఇక్కడి క్విల్ట్ గిల్డులో, అంటే బొంతలు కుట్టేవాళ్ళ సంఘంలో, సభ్యురాలిని. మా గిల్డులో పెద్దావిడలు ఇప్పటికీ వాదించుకునే పోటీ ఒకటుంది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు దుకాణాలు నడిపే సియర్స్ కంపెనీ పెట్టింది.

కౌంటీ ఫెయిర్లలో, అంటే జిల్లా స్థాయి సంతల్లో, అప్పటికే బొంతల పోటీలు మామూలే. గెలిస్తే నీలం రిబ్బను, కొద్దిగా డబ్బు. సియర్స్ మాత్రం మొత్తం 7,500 డాలర్లు ప్రకటించింది, మొదటి బహుమతి 1,000. కొత్త ఫోర్డ్ కారు దాదాపు 500 డాలర్లకు వచ్చే రోజులవి. పైగా పనివాళ్ళలో నాలుగో వంతు మందికి పనే లేదు. జనవరిలో ప్రకటిస్తే మే నెల మధ్యకే గడువు. అయినా 24,000కు పైగా బొంతలొచ్చాయి! ఊళ్ళలోని సియర్స్ దుకాణాల్లో మొదలై, ప్రాంతాల వారీగా వడపోసి, చివరికి 30 షికాగో చేరాయి.

గెలిచింది మా కెంటకీ ఆవిడే, లెక్సింగ్టన్‌కు చెందిన మార్గరెట్ కేడెన్. ఆ బొంతను ప్రెసిడెంటు భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు బహూకరించారు, ఆ తర్వాత అది ఏమైందో ఆచూకీ లేదు. అసలు సంగతి చాలా ఏళ్ళకు బయటపడింది. ఎవరి బొంత వాళ్ళే కుట్టాలన్నది నిబంధన. కేడెన్ అందులో ఒక్క కుట్టూ వేయలేదు. ఆవిడ కూలికి పెట్టుకున్న ఆడవాళ్ళు కుట్టారు. బహుమతి డబ్బులో వాళ్ళకు వాటా దక్కలేదు. నోరు విప్పితే ఉన్న పని పోతుందని ఊరుకున్నారట. ఆర్థిక మాంద్యం రోజుల్లో అదీ అర్థం చేసుకోదగ్గదే, కానీ నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకో గొడవ కూడా అయింది. ‘శతాబ్దపు ప్రగతి’ అన్న ప్రదర్శన అంశం మీద కుట్టిన బొంత మొదటి బహుమతి గెలిస్తే అదనంగా 200 డాలర్లన్నారు. దాంతో చాలామంది కష్టపడి విమానాలు, భవనాలు కుట్టారు. జడ్జీలేమో పై బహుమతులన్నీ పాతకాలపు డిజైన్లకే ఇచ్చారు. కొత్తగా ఆలోచించమని పిలిచి ఇలా చేయడం అన్యాయమనే నా అభిప్రాయం. మా గిల్డులో సగంమంది ఒప్పుకోరు, కుట్టు నాణ్యతే ముఖ్యం అంటారు.

ఇప్పటి షోల ఫారాల్లో ముక్కలు జోడించింది ఎవరు, పొరలు కలిపి కుట్టింది ఎవరు అని విడివిడిగా అడుగుతారు. మా షోకి నేను ఇచ్చిన బొంతకు మెషీన్ కుట్టు వేరే ఆవిడ వేసింది. కార్డు మీద ఆవిడ పేరూ పడింది.