బోరు నీళ్లకే మాడిపోతున్న జబోటికాబా

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. చెనక్కాయ, కొంచెం మామిడి వేస్తాం. పిల్లల చదువుల కోసం తిరుపతిలో ఇల్లు తీసుకున్నాం. మా అబ్బాయి సరదా పడ్డాడని పోయిన వానాకాలంలో జబోటికాబా (బ్రెజిల్ పండ్ల చెట్టు), మిరాకిల్ ఫ్రూట్, రంబుటాన్, మాంగోస్టీన్ ఒక్కొక్కటి, డ్రాగన్ రెండు తెచ్చి మిద్దె మీద నల్ల డ్రమ్ముల్లో పెట్టాం. సంక్రాంతి దాకా బాగున్నాయి. ఇప్పుడు ముదురాకుల అంచులు మాడుతున్నాయి, లేతాకులు పసుపుపచ్చగా వస్తున్నాయి. యూరియా, డీఏపీ వేశాం. గుడ్డు పెంకులు, పొయ్యి బూడిద కూడా వేశాం. బోరు నీళ్లు, ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు పోస్తున్నాం. తగ్గకపోగా ఎక్కువైంది. ఏం చేయాలి? జబోటికాబా ఎన్నేళ్లకు కాస్తుంది?
– ఒక రైతు, చంద్రగిరి మండలం

జవాబు: మీరు పంపిన ఫొటోల్లో మూడోదాన్ని మరోసారి చూడండి. డ్రమ్ము అంచు చుట్టూ, మన్ను మీద తెల్లటి పొర కట్టి ఉంది. దాన్ని గోటితో గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే అది సున్నం. నురగ రాకపోతే చాలావరకు ఉప్పు. మీ దగ్గర రెండూ ఉండి ఉంటాయని నా అనుమానం.

మీ చెట్లకు ఇప్పుడున్నది తిండి లోపం కాదు, నీళ్ల లోపం. తక్కువ పోస్తున్నారని కాదు, పోస్తున్న నీళ్లు వాటికి పడటం లేదు. ముదురాకుల అంచులు మాడటం ఉప్పు లక్షణం. లేతాకు పసుపుగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయంటే ఇనుప ధాతువు అందడం లేదన్నమాట. ఇనుము మన్నులో ఉన్నా సున్నం ఎక్కువైతే వేరు దాన్ని తీసుకోలేదు. సున్నపు నేలల్లో చెనక్కాయ చేను పాలిపోవడం మీకు తెలిసే ఉంటుంది, ఇదీ అదే. దానికి తోడు ఆర్‌ఓ మిషన్ మంచినీళ్లు మనకిచ్చి, ఉప్పంతా ఆ బయటి గొట్టంలోకి నెట్టేస్తుంది. అంటే బోరు నీళ్ల కంటే చిక్కటి ఉప్పునీళ్లు పోస్తున్నారు. వృథా చేయకూడదన్న మీ ఆలోచన మంచిదే, వాటితో మిద్దె కడుక్కోండి.

ఎరువులన్నీ ఈరోజే ఆపండి. యూరియా, డీఏపీ కూడా లవణాలే, మాడే వేరుకు ఇంకాస్త మంట పెడతాయి. డీఏపీలోని భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకా బిగుసుకుపోతుంది. బూడిద, గుడ్డు పెంకులు రెండూ సున్నం వైపువే. అంజూరకో మునక్కో పర్వాలేదు గానీ మిరాకిల్ ఫ్రూట్‌కు మాత్రం వద్దు. అది పశ్చిమ ఆఫ్రికా పొద, పుల్ల నేలలో పుట్టింది. పీహెచ్ (పులుపు, సున్నం కొలిచే అంకె, ఏడుకు తగ్గితే పులుపు, మించితే సున్నం వైపు) 5 నుంచి 6 లోపు ఉంటేనే దానికి హాయి. మన వైపు ఏడున్నర దాటిన బోర్లు మామూలే.

ఎండలు ముదరకముందే, ఈ వారంలో ఒక సాయంత్రం జబోటికాబా, మిరాకిల్ ఫ్రూట్ రెండింటినీ ఆ డ్రమ్ముల్లోంచి తీసి 15–20 లీటర్ల కుండీల్లోకి మార్చండి. చిన్న మొక్కకు పెద్ద డ్రమ్ము ఇస్తే వేరు అందుకోని అడుగు మన్ను నెమ్ము ఆరక పులిసిపోతుంది. కడిగిన కొబ్బరి పొట్టు రెండు వంతులు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక వంతు, గరుకు ఇసుక ఒక వంతు కలపండి. జబోటికాబాకు ఒక వంతు ఎర్రమన్ను కూడా కలపొచ్చు. కొబ్బరి పొట్టును 'కడిగిన' అని ఊరికే అనలేదు. ఇటుకలుగా అమ్మే పొట్టులో చాలాసార్లు ఉప్పు ఉంటుంది. మంచినీళ్లలో రెండు మూడు సార్లు నానబెట్టి పిండి వాడండి. అడుగున గులకరాళ్లు పరవొద్దు. నీళ్లు బాగా దిగుతాయని అందరూ పరుస్తారు గానీ, తడి ఆ రాళ్ల పైనే నిలిచి వేరుకు మరింత దగ్గరవుతుంది. రంధ్రాలు మూసుకుపోకుండా ఒక కుండపెంకు ముక్క చాలు.

ఇక నీళ్ల సంగతి. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టం కింద బకెట్ పెట్టండి. గాలిలోని తేమే చల్లబడి కారుతుంది కాబట్టి అందులో దాదాపు ఉప్పు ఉండదు. కాయిల్‌ను మందుతో కడిగిన రోజు మాత్రం ఆ నీళ్లు పారబోయండి. ఈ రెండు కుండీలకు వేసవంతా అవే సరిపోవచ్చు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉండనే ఉన్నాయి. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. మీ ఖాళీ డ్రమ్ములకు ఇంతకంటే మంచి పని దొరకదు. పైన దోమ తెర కట్టండి. తప్పనిసరై బోరు నీళ్లే పోయాల్సి వస్తే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చిటికెడు చిటికెడు కలుపుతూ, పీహెచ్ కాగితంతో 6 దగ్గరికి వచ్చిందో లేదో చూసుకోండి. నిమ్మ ఉప్పు సున్నాన్ని విరుస్తుందే తప్ప ఉప్పును తీసెయ్యదు, అది గుర్తుంచుకోండి.

కొత్త చిగురు పసుపు తగ్గడానికి చెనక్కాయకు కొట్టే మందే. పొలానికి లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు వాడతారు. కుండీలోని లేతాకుకు అందులో సగం చాలు, సాయంత్రం పూట, పది రోజులకొకసారి మూడు దఫాలు. మాడిన అంచులు మళ్లీ పచ్చబడవు. కొత్తగా వచ్చే ఆకును చూసే గుణం వచ్చిందో లేదో తేల్చుకోవాలి.

నల్ల డ్రమ్ము మన మే నెల ఎండకు పొయ్యి మీద కుండే. పక్క గోడ వేడెక్కితే లోపలి వేర్లు ఉడికిపోతాయి. డ్రమ్ముకు తడి గోనెపట్టా చుట్టండి, లేదా తెల్ల రంగు వేయండి. ఉదయపు ఎండ తగిలి, పదకొండు తర్వాత నీడ పడే తూర్పు వైపు చోటు చూడండి. యాభై శాతం నీడనిచ్చే వల కట్టినా సరే. సగానికి కోసిన రెండొందల లీటర్ల డ్రమ్ము తడి మన్నుతో వంద కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్కే వేస్తారు. కాబట్టి డ్రమ్ములన్నీ నడి స్లాబు మీద గుంపుగా పెట్టకుండా, గోడలు, దూలాలు ఉన్న వారగా సర్దండి.

రంబుటాన్, మాంగోస్టీన్ గురించి ఉన్నమాట చెప్పాలి. అవి కేరళ తడిగాలిలో, నీలగిరుల దిగువన కల్లార్, బర్లియార్ లాంటి చోట్ల కాసే చెట్లు. నలభై దాటే ఎండ, పొడి వేడిగాలి వాటికి సరిపడవు. మా ఇంటి మాంగోస్టీన్‌ను నేను రెండు వేసవులు కాపాడి మూడో వేసవిలో పోగొట్టుకున్నాను, అదీ రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించి. రంబుటాన్ విత్తనం మొక్కైతే మగ చెట్టయ్యే అవకాశమూ ఉంది. కాండం కింద అంటు ముడి ఉందేమో చూడండి. మీ అబ్బాయి ముచ్చట పడితే ఉంచండి గానీ, కాయల మీద ఆశ పెట్టుకోకండి. ఆ చోట బార్బడోస్ చెర్రీ, అంజూర, వాటర్ యాపిల్ పెడితే మన ఎండకు నిలుస్తాయి. స్టార్ ఫ్రూట్ కూడా కుండీలో బాగా కాస్తుంది, కాకపోతే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ పండు ముట్టుకోకూడదు. డ్రాగన్‌కు పెద్దగా ఏమీ అక్కర్లేదు. మేలో తీగ పసుపుగా కాలకుండా నీడ, పువ్వు విప్పిన రాత్రి బ్రష్‌తో పుప్పొడి అద్దడం, అంతే.

జబోటికాబా బ్రెజిల్ చెట్టు. మన మేడి చెట్టులా మాను మీదే కాయలు కాస్తుంది, చూడ్డానికి నల్లద్రాక్ష అంటించినట్టు ఉంటుంది. సన్నాకు రకం విత్తనం మొక్కైతే ఎనిమిదేళ్లకు పైనే పట్టొచ్చు. ఎర్ర హైబ్రిడ్ అయితే మూడు నాలుగేళ్లకే పూత చూపిస్తుంది. మీది ఏదో ఆకును బట్టి చెప్పొచ్చు. ఒక ఆకు పక్కన రూపాయి నాణెం పెట్టి ఫొటో తీసి పంపండి.