పరావలయం శీర్షం: ఫార్ములా మర్చిపోతే ఎలా?

ప్రశ్న: వై = ఏఎక్స్² + బీఎక్స్ + సీ అనే పరావలయం శీర్షం (వంపు మలుపు తిరిగే బిందువు) అడిగితే ఎక్స్ విలువ −బీ/2ఏ అని రాస్తాను కానీ, పరీక్షలో గుర్తు తప్పుతుందేమోనని ఒకటే టెన్షన్. వై = 2ఎక్స్² − 12ఎక్స్ + 7 లాంటి లెక్కకి వేరే దారి ఉందా?
– ఇంటర్ విద్యార్థిని

జవాబు: ఉందమ్మా, అసలు ఆ ఫార్ములా ఈ దారిలోనూ వస్తుంది. చివరి 7ని కాసేపు పక్కన పెట్టు. మిగిలింది 2ఎక్స్(ఎక్స్ − 6), ఎక్స్ 0 అయినా 6 అయినా ఇది సున్నాయే, అంటే ఆ రెండు చోట్లా వై విలువ 7. పరావలయం తన అక్షానికి రెండు పక్కలా అచ్చం ఒకేలా ఉంటుంది కాబట్టి శీర్షం 0కీ 6కీ సరిగ్గా మధ్యలో, 3 దగ్గరే ఉండి తీరాలి. సమీకరణంలో 3 వేస్తే 18 − 36 + 7 = −11. శీర్షం (3, −11). ఎక్స్² గుణకం ధనాత్మకం, అందుకే ఇది కనిష్ఠ బిందువు.

చాలామంది ముందు మూలాలు (వై సున్నా అయ్యే ఎక్స్ విలువలు) కనుక్కుని సగటు తీస్తారు. అది తప్పు కాదు గానీ ఇక్కడ √22 వచ్చి చికాకు పెడుతుంది, వాస్తవ మూలాలు లేని లెక్కలో అయితే గ్రాఫ్ మీద మూలాలు చూడ్డానికే ఉండవు. ఈ పద్ధతికి మూలాలతో పనే లేదు.

ఇప్పుడు అక్షరాలతో చెయ్యి: సీని పక్కన పెడితే మిగిలే ఎక్స్(ఏఎక్స్ + బీ) సున్నా అయ్యేది 0 దగ్గర, −బీ/ఏ దగ్గర. మధ్య బిందువు −బీ/2ఏ. మైనస్ ఎక్కడిదో కనిపించింది కదా!