ఊడ్చేముందు కింద చూడు

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. కాలిపోయిన బుల్లి రైలుని బాగుచేయడానికి వెళ్తావట, జీతం బత్తెం లేకుండా! "ఆడపిల్లకి ఆ మసిపనేంటి" అని మీ అమ్మమ్మ నా మీద విరుచుకుపడింది, నేనే నీకు నూరిపోసినట్టు. నేను పలకలేదు. కానీ పొద్దున్నే అటక మీంచి నా స్పానర్ల పెట్టె దింపి తుడిచి పెట్టాను.

కాలిఫోర్నియాలోని ఆ బుల్లి రైలు, స్వాంటన్ పసిఫిక్ గురించి నువ్వు పంపినవన్నీ చదివాను. పట్టాల మధ్య 19 అంగుళాలేనా! మన బ్రాడ్‌గేజి 66. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1915 ఎగ్జిబిషన్ కోసం ఆ మెక్‌డెర్మాట్ చేయించిన ఇంజన్లు ఇన్నాళ్ళు బతకడమే గొప్ప. వాటిని తన పొలంలో నడిపించుకుని, 1993లో పోతూ పోతూ 3,200 ఎకరాలు, రైలు అన్నీ మీ యూనివర్సిటీకి ఇచ్చేశాడు చూడు, ఆ ఆల్ స్మిత్‌కి దండం పెట్టాలి. మొన్న ఆగస్టు 16న పిడుగులు పడి అడవి అంటుకుంది, 86 వేల ఎకరాలు బుగ్గయ్యాయి. ఈ 2020 ఇంకా ఏమేం చూపిస్తుందో.

తోలు బూట్లు వేసుకో. కాలి నిలబడ్డ చెట్ల కింద కూర్చుని అన్నం తినకు. వాన పడితే ఆ కొండల కింద ఉండకు, పట్టు తప్పిన మట్టి జారుతుంది.

మాస్కు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కరోనాకి కట్టుకునే గుడ్డముక్క పనికిరాదు. పాత ఇంజన్ల బాయిలర్ చుట్టూ ఆస్బెస్టాస్ చుట్టేవాళ్ళు. మా రైల్వే షెడ్డులో మేం దాన్ని ఉత్త చేతుల్తో పీకి, ఆ ధూళి తలమీదుంచి దులుపుకుని టీ తాగేవాళ్ళం. నాతో బాయిలర్ సెక్షన్‌లో చేరినవాళ్ళలో ఇద్దరు దగ్గి దగ్గి పోయారు. అక్కడ ఉందో లేదో పరీక్ష చేయించి చెప్పేదాకా బాయిలర్ రేకు విప్పొద్దు. విప్పావని తెలిస్తే నీతో మాట్లాడను. నిజంగానే.

ఇప్పుడు అసలు మాట. నాకప్పుడు ఇరవయ్యారు. మా షెడ్డులో ఒక రాత్రి నూనె కాటన్ వేస్ట్ కుప్ప అంటుకుంది, పక్కనే ఇంజన్. అరగంటలో ఆర్పేశాం. తెల్లారేసరికి బండి కావాలన్నారు. మసి తుడిచి, నల్లరంగు కొట్టాను. కొత్త పెళ్ళికొడుకులా ఉంది. చక్రం కింద ఊడుస్తుంటే వెండి చుక్కలాంటిది దొరికింది, చింతగింజంత. టంకం ముక్కనుకుని, మీ అమ్మ ఆడుకుంటుందని జేబులో వేసుకున్నాను.

అది వైట్ మెటల్ తల్లీ. చక్రాల ఇరుసు తిరిగే పెట్టె, అదే యాక్సిల్ బాక్సు, అందులో ఇరుసుని మోసే బేరింగ్‌కి లోపల పోసే మెత్తటి లోహం. 250 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది. ఇనుము ఎర్రబడనైనా ఎర్రబడదు, బేరింగ్ మాత్రం లోపల్లోపలే ఖాళీ అయిపోతుంది. రెండు స్టేషన్లు దాటగానే యాక్సిల్ బాక్సు పొగలు కక్కింది. ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ దిగి నీళ్ళు కొట్టాడు, మరిగిన నూనె ఎగిరి మోచేతిదాకా పడింది. ఆ ఫైర్‌మన్ ఎవరో కాదు, మీ అమ్మమ్మ తమ్ముడు. పండక్కి వచ్చినప్పుడు నువ్వు ఆ మచ్చ పట్టుకుని చేప బొమ్మ అనేదానివి.

విచారణలో నూనె పోయలేదని ఖలాసీ మీద రాశారు. ఒక ఇంక్రిమెంట్ ఆగింది. నా జేబులో చుక్క ఉంది, నేను నోరు మెదపలేదు. ఆ ఖలాసీ రిటైరైన రోజు దండ వేసింది నేనే. మీ అమ్మమ్మకి ఇప్పటికీ తెలీదు. ఈ ఉత్తరం తనకి చదివి వినిపించకు.

అందుకని, ఏ ఇంజను మంటకి చిక్కిందో చూసి, దాన్ని తొయ్యనివ్వకు. బూడిద ఇసుకలాంటిది, కదిలిస్తే అరగదీస్తుంది. ప్రతి యాక్సిల్ బాక్సూ విప్పాల్సిందే. స్ప్రింగులు చూడ్డానికి బాగానే ఉంటాయి, కాక తగిలాక వాటిలో బిగువు ఉండదు. బాయిలర్‌కి ముందు చల్లటి నీళ్ళతో ఒత్తిడి పరీక్ష, ఆ తర్వాతే నిప్పు. ఇవి మీ వాళ్ళకీ తెలిసే ఉంటాయిలే, నా నోరు ఊరుకోదు.

రెడ్‌వుడ్ చెట్లు నల్లబడ్డాక కూడా మొదట్లోంచి చిగురేస్తాయని రాశావు. మీ అమ్మమ్మకి చదివి చెప్పాను. "మరి పిల్ల జుట్టుకి నూనె రాసుకుంటోందా" అంది.

ఇంజన్ల కింద ఎవరూ చీపురు పెట్టకముందే నేల ఫోటోలు తీసి పంపు. వంగి, దగ్గరగా తియ్యి. చక్రానికి ఒకటి చొప్పున.

తాతయ్య