భాష రాకపోయినా అంత దూరం వెళ్లొచ్చా?

ప్రశ్న: జిల్లా దాటి ఎరుగను. ఒక్కదాన్నే కన్యాకుమారి నుంచి అస్సాంలోని దిబ్రూగఢ్ దాకా వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాలని కోరిక. తెలుగు తప్ప మరో భాష రాదు. వెళ్లమంటారా? - ఓ పాఠకురాలు

జవాబు: వెళ్లమ్మా, నిక్షేపంగా వెళ్లు. నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు దారి, మూడు రోజులు దాటుతుంది. నేను వెళ్లినప్పుడు రెండో రోజుకే పాదాలు వాచాయి. అందుకే ఆగిన పెద్ద స్టేషన్‌లోనల్లా దిగి నాలుగడుగులు వేయి, కానీ పెట్టె తలుపు దగ్గరే.

భాషకేం, స్టేషన్ బోర్డులు చూస్తూ పో. తమిళం, మలయాళం, మళ్లీ తమిళం, రేణిగుంట వచ్చేసరికి మన అక్షరాలు! ప్రాణం లేచొస్తుంది. ఆపైన ఒడియా, బెంగాలీ, అస్సామీ. చివరి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. 'ర' ఎలా రాశారో చూస్తే తేడా దొరుకుతుంది. నాకిది పక్క బెర్తు ముసలాయన వేలితో కిటికీ అద్దం మీద రాసి చూపించాడు, మాటల్లేకుండానే.

అస్సాంలో చీకటి తొందరగా పడుతుంది, అది తూర్పు కొసన ఉన్నా దేశమంతా ఒకే గడియారం కదా. బస ముందే చూసుకో. అక్కణ్నుంచి అరుణాచల్‌కు వెళ్లాలనిపిస్తే మనకూ ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే ఆ రాష్ట్రంలోకి వెళ్లేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి పత్రం, కావాలి.