ఏడిస్తే ఫోన్ ఇచ్చేయాలా?

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు ఫోన్ కోసం నేలమీద పడి ఏడుస్తాడు. ఇవ్వను, కానీ ఆఫీస్ కాల్ ఉంటే తప్పక ఇచ్చేస్తాను. రోజురోజుకీ మొండిగా తయారవుతున్నాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, వాడిది మొండితనం కాదు, నేర్చుకున్న అలవాటు. అమెరికన్ సైకాలజిస్ట్ బి.ఎఫ్. స్కిన్నర్ 1930ల్లో ఎలుకలతో ప్రయోగాలు చేశాడు. మీట నొక్కితే తిండి పడే పెట్టె అది. నొక్కిన ప్రతిసారీ తిండి దొరికిన ఎలుక, అది ఆగిపోతే కాసేపటికి నొక్కడం మానేస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే తిండి దొరికిన ఎలుక అంత త్వరగా వదలదు. మీరు కాల్ మధ్యలో మ్యూట్ నొక్కి, టెన్షన్‌లో ఫోన్ వాడి చేతిలో పెడతారు చూడండి, వాడికి అందే తిండి అదే.

ఒకటి ముందే చెబుతున్నాను. పూర్తిగా ఆపేసిన కొత్తలో ఏడుపు ఇంకా పెరగొచ్చు. చాలామంది తల్లులు సరిగ్గా అక్కడే లొంగిపోతారు, నాకు బాధేసేది అందుకే. దయచేసి ఆగండి. కాల్ ఉందని తెలిస్తే, ఏడుపు మొదలుకాకముందే రంగు పెన్సిళ్లో, నాలుగు గిన్నెలూ గరిటెలో ముందు పెట్టండి. బుద్ధిగా ఆడుకుంటే వెంటనే దగ్గరకు తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకీ ఇదంతా చెప్పి ఒప్పించండి. ఒక్కరు ఇచ్చినా కథ మళ్లీ మొదటికొస్తుంది.