రన్ నొక్కే ముందు జవాబు రాసిపెట్టుకో

విజయనగరం

అమ్మలూ,

సీ అనే కంప్యూటర్ భాష పుస్తకం చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటోందనీ, ల్యాబ్‌లో ఖాళీ తెర ముందు కూర్చుంటే మొదటి వరుస కూడా తోచడం లేదనీ రాశావు. తెలుగు మీడియంలో చదివించడం వల్లే ఇలా అవుతోందని మీ నాన్న దిగులుపడుతున్నాడట. కాదని చెప్పు. ఇన్నేళ్లుగా సీ ల్యాబ్‌లో పిల్లల్ని చూస్తున్నాను, ఇంగ్లీషు మీడియం వాళ్లూ ఆ తెర ముందు అలాగే బిక్కచచ్చి కూర్చుంటారు. ఈ పుస్తకాల్లోని ఇంగ్లీషు కొద్ది మాటల చుట్టూనే తిరుగుతుంది. డిక్లరేషన్, ఆర్గ్యుమెంట్, రిటర్న్ లాంటివి రెండు అధ్యాయాలు దాటేసరికి అలవాటైపోతాయి.

చిక్కు వేరే చోట ఉంది. పుస్తకంలో ప్రోగ్రాం కిందనే దాని అవుట్‌పుట్ కూడా అచ్చువేసి ఉంటుంది. పైన చదువుతాం, కింద చూస్తాం, నిజమే కదా అనుకుని పేజీ తిప్పేస్తాం. అందులో మన బుర్ర చేసిన పని ఏమీ లేదు. కాబట్టి అవుట్‌పుట్ ఉన్న చోట ఒక కాగితం కప్పు. నోటుపుస్తకంలో ఒక్కో వేరియబుల్‌కు, అంటే విలువను దాచుకునే ఒక్కో పేరుకు, ఒక్కో గడి గీసి, ప్రోగ్రాంలో ఒక్కో వరుస దిగుతూ ఏ గడిలో విలువ ఎలా మారిందో రాసుకో. చివరికి తెర మీద ఏమి వస్తుందని నీకు అనిపిస్తోందో పెన్నుతో రాసెయ్యి. పెన్సిలు వద్దు, చెరిపెయ్యాలనిపిస్తుంది. ఆ తరువాతే కాగితం తియ్యి, లేదా ప్రోగ్రాంను నడిపించే రన్ నొక్కు. నీ జవాబూ యంత్రం జవాబూ కలిస్తే ముందుకు వెళ్లు. కలవకపోతే అక్కడే కూర్చో.

పుస్తకాల్లో ఎప్పుడూ విద్యార్థుల మార్కులూ ఉద్యోగుల జీతాలే. నువ్వు మీ ఇంటి లెక్క తీసుకో. మీ వైపు జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. తూకంలో 1,370 కిలోలు వచ్చాయనుకుందాం. ఎన్ని బస్తాలు, పైన ఎన్ని కిలోలు? కాలిక్యులేటర్ 17.125 అంటుంది. సీలో రెండూ పూర్ణాంకాలైతే 17 అని ఊరుకుంటుంది. దగ్గరి అంకెకు సవరించడం ఉండదు, దశాంశాలను కోసిపారేస్తుంది. మిగిలిన 10 కిలోలు కావాలంటే శాతం గుర్తు వాడాలి. దానికి ఇక్కడ శాతాలతో సంబంధం లేదు, అది శేషాన్ని ఇస్తుంది. సగటు తీసే ప్రోగ్రాంలో నీకు జవాబు తప్పు వచ్చిందన్నావు చూడు, కారణం ఇదే అయి ఉంటుంది. కుడివైపు భాగహారం పూర్ణాంకాల్లో జరిగిపోయాక, ఎడమవైపు ఫ్లోట్ (దశాంశాలు పట్టే వేరియబుల్) పెట్టినంత మాత్రాన పోయిన దశాంశాలు తిరిగి రావు.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. కిలో వంద రూపాయల చొప్పున 410 కిలోలు అమ్మితే 41,000. నువ్వు వాడే జీసీసీలో అంతే వస్తుంది, అది కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది. సీనియర్లు ఇచ్చిన ఆ పాత పుస్తకం టర్బో సీ అనే పాత కంపైలర్‌ను చూసి రాశారో ఏమో, దానిలో మాత్రం −24,536 వస్తుంది, సరుకు అమ్మిన మనమే ఎదురు బాకీ పడినట్టు! ఆ కంపైలర్‌లో ఇంట్‌కు, అంటే పూర్ణాంకం దాచే గడికి, రెండు బైట్ల చోటే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. మన 41,000 దాన్ని దాటిపోయింది కాబట్టి అందులోంచి 65,536 తీసేయగా వచ్చే విలువ కనిపిస్తుంది. ఇప్పటి కంపైలర్లలో ఇంట్ మామూలుగా నాలుగు బైట్లు, 214 కోట్ల దాకా పడుతుంది. కాబట్టి 'ఇంట్ అంటే రెండు బైట్లు' అని వైవాలో అప్పజెప్పకు. ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ వాడి నీ యంత్రాన్నే అడిగి చూసుకో.

ఆ పుస్తకంలో మార్చుకోవలసినవి ఇంకా ఉన్నాయి. టర్బో సీ 1987లో బోర్లాండ్ కంపెనీ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కోసం తెచ్చింది. ప్రోగ్రాం పైన చేర్చే కోనియో హెడర్ ఫైలూ, తెర తుడిచే క్లియర్‌స్క్రీనూ అక్కడివే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంలో అవి దొరకవు, ఆ వరుసలు తీసెయ్యి. ప్రోగ్రాం మొదలయ్యే వరుసలో వాయిడ్ మెయిన్ అని ఉన్న చోట ఇంట్ మెయిన్ రాయి. టైపు చేసిన వరుసను చదివే గెట్స్‌ను 2011 సీ ప్రమాణంలో భాష నుంచే తొలగించారు. మనం కేటాయించిన చోటు ఎంతో దానికి తెలియదు, ఎంత టైపు చేస్తే అంతా లోపలికి తోసేస్తుంది. బదులుగా ఎఫ్‌గెట్స్ ఉంది. అంత మాత్రాన పుస్తకం పారెయ్యకు. లూపులు, ఫంక్షన్లు, పాయింటర్లు (గడి చిరునామాను దాచుకునే వేరియబుల్స్) అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇక బిట్ పేపర్ల సంగతి. ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు పెంచి విలువ ఎంత అని అడుగుతారే, ఆ ప్రశ్నలంటే నాకు ఒళ్లుమంట. సీ ప్రమాణం ప్రకారం అలాంటి వాక్యానికి నిర్దిష్టమైన జవాబే లేదు. ఏ కంపైలర్ ఏది చెప్పినా చెల్లుతుంది. పరీక్షలో వస్తే మీ సార్ చెప్పిన జవాబు రాసి మార్కు తెచ్చుకో. దాని మీద ఒక సాయంత్రం మాత్రం పోగొట్టుకోకు.

ఎర్రర్లు ఇరవై వచ్చినా మొదటి దాన్నే సరిచేసి మళ్లీ కంపైల్ చెయ్యి. చాలాసార్లు మిగతావన్నీ దాని పిల్లలే. సెమికోలన్ మరిచిపోతే కంపైలర్ తరచు తరువాతి వరుస నంబరు చూపిస్తుంది, పై వరుస కూడా చూడు. పది గడుల అర్రే, అంటే ఒకే పేరుతో వరుసగా ఉన్న గడులు, 0తో మొదలై 9తో ముగుస్తుంది. 10 అనే నంబరు గడి అడిగినా సీ నిన్ను ఆపదు, అదీ దానితో వచ్చిన తంటా.

ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటే లేదు. గడులు గీసి లూపు నడపడానికి కరెంటు అక్కర్లేదు, బస్సులో కూర్చునైనా చేయవచ్చు. రన్ చేసే పని ల్యాబ్ రోజుకు అట్టిపెట్టుకో.

ఈ భాషను రూపొందించిన డెన్నిస్ రిచీ, బ్రయాన్ కెర్నిగాన్‌తో కలిసి 1978లో రాసిన పుస్తకం ఒకటుంది. మూడు వందల పేజీలు కూడా ఉండదు. మీ లెక్చరర్లు గొప్పగా చెబుతారు, నిజంగా గొప్పదే. కానీ ప్రోగ్రామింగ్ కొంత తెలిసినవాళ్ల కోసం రాసింది అది. రెండో సెమిస్టర్ దాకా దాని జోలికి వెళ్లకు.

పాయింటర్ల అధ్యాయంలో తప్పకుండా ఆగిపోతావు. అందరూ ఆగుతారు. అప్పుడు ఆదివారం పొద్దున్న ఫోను చెయ్యి. ఏ వరుస దగ్గర, నువ్వు ఏమి రాసుకున్నావు, యంత్రం ఏమి చెప్పింది, ఈ మూడూ దగ్గర పెట్టుకుని మాట్లాడు. ఊరికే 'పనిచేయడం లేదు పెద్దమ్మా' అన్నావంటే ఫోను పెట్టేస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ