వారం వారం ఊళ్ళు, నెల నెలా వడ్డీ: జర్మనీలో చదివే అమ్మాయికి జవాబు

ప్రశ్న: నాకు 23 ఏళ్ళు. నిరుడు ఏప్రిల్‌లో ఎంఎస్‌కి జర్మనీలోని ఆఖెన్‌కి వచ్చాను. బ్యాంకు 24 లక్షల విద్యా రుణం మంజూరు చేసింది, వడ్డీ 11 శాతం. మొదటి ఏడాది బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఏడాది ఖర్చులు ముందే వేసి చూపించే ఖాతా) కోసం అందులో 12 లక్షలు తీసుకున్నాం. దాన్నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి. అద్దె 410, ఆరోగ్య బీమా 146, తిండి 190, ఫోనూ రేడియో రుసుమూ కలిపి 20, చిల్లర ఖర్చులు 50. నాతో ఉండేవాళ్ళు శనివారం వస్తే చాలు ఎక్కడికో ఒకచోటికి బయల్దేరతారు. అక్టోబరు నుంచి డిసెంబరు లోపల నేనూ పారిస్ (214 యూరోలు), ఆమ్‌స్టర్‌డామ్ (188), బ్రస్సెల్స్ (138) వెళ్ళొచ్చాను. ఫోటోలు నాన్నకి కనబడకుండా స్టేటస్ పెడుతున్నాను. వెళ్తే తప్పు చేసినట్టు ఉంటుంది, వెళ్ళకపోతే గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడుపొస్తుంది. ఈ జనవరి నుంచి లైబ్రరీలో నెలకు 30 గంటల పని దొరికింది. ఫిబ్రవరి చివర్లో బార్సిలోనాకి రమ్మంటున్నారు, 320 అవుతుందట. వెళ్ళనా?

జవాబు: మా అమ్మాయి వయసు నీది, అందుకని నువ్వు అనే రాస్తున్నానమ్మా. బార్సిలోనా సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ స్టేటస్ సంగతి.

డబ్బు సలహా కోసం నా దగ్గరికి ఏళ్ళుగా వచ్చే ఒకాయన కిందటేడు టేబుల్ మీద ఫోన్ పెట్టి, కొడుకు ఐఫిల్ టవర్ ముందు దిగిన ఫోటో చూపించి, "ఇందుకేనా సార్ పొలం తాకట్టు పెట్టింది" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ వినిపించింది. ఫోటో మీద ధర రాసి ఉండదు కదా, లక్ష అయిందని తనే అనేసుకున్నాడు. అప్పుడే కొడుక్కి ఫోన్ చేయించాను. అయింది పద్దెనిమిది వేలు, అదీ ఆ అబ్బాయి రెస్టారెంట్లో గిన్నెలు కడిగి సంపాదించినవి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఫోటోనే తన ఫోన్లో వాల్‌పేపర్ పెట్టుకున్నాడు.

మీ నాన్నని భయపెట్టేదీ ఆ తెలియకపోవడమే. ఆయన దగ్గర దాచాల్సిన ఖర్చు అసలు పెట్టకు, పెట్టిన ఖర్చు దాచకు. దాచకుండా ఉండాలంటే ముందు అంకె ఎంతో నీకే తెలియాలి. రా, లెక్క వేద్దాం.

నువ్వు రాసిన ఖర్చులన్నీ కలిపితే 816. 992లో అది పోతే 176 మిగులుతుందని నువ్వు అనుకుని ఉంటావు. కానీ సెమిస్టర్ ఫీజు మర్చిపోయావు. ఆరు నెలలకోసారి కట్టేది కాబట్టి నెలవారీ లెక్కలోకి రాదు, అందరూ మర్చిపోయేది దీన్నే. 300 అనుకున్నా నెలకు 50. అంటే నీకు నిజంగా మిగిలేది 126. మూడు నెలల్లో ఊళ్ళ మీద పెట్టింది 540, అంటే నెలకు 180. నెలకు 54 యూరోలు లేని డబ్బు ఖర్చు పెట్టావు. వచ్చే సెమిస్టర్ ఫీజు కట్టే రోజు ఆ లోటు బయటపడుతుంది, నాన్నకి ఫోన్ వెళ్తుంది.

ఇదే తీరు రెండేళ్ళూ సాగితే 4,320 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే 4.32 లక్షలు. అప్పుగా తెచ్చిన ఈ డబ్బుని 11 శాతం వడ్డీతో పదేళ్ళలో తీరిస్తే నెలకు దాదాపు 5,950 రూపాయల ఈఎంఐ, మొత్తం మీద సుమారు 7.14 లక్షలు కడతావు. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ ఇందులో కలపనే లేదు. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల పక్కన తిన్న ఫ్రైస్‌కి ముప్ఫై నాలుగు ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా కిస్తీ కట్టడం నాకు ఇష్టం లేదు.

అలాగని ఎక్కడికీ వెళ్ళొద్దని నేను అనను. అప్పు డబ్బుతో అద్దె కట్టు, తిండి తిను, చదువుకో. ఊళ్ళు మాత్రం నీ సంపాదనతో చూడు. నేను గీసే గీత ఇదొక్కటే.

ఇక నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసింది 11,904 యూరోలు, నెలకు 992 చొప్పున సరిగ్గా పన్నెండు నెలలు. ఏప్రిల్‌లో మొదలైంది మార్చితో అయిపోతుంది. నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు రెండో ఏడాదికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో మళ్ళీ చూపించాలి. మిగిలిన 12 లక్షలూ తెచ్చి మళ్ళీ బ్లాక్ చేయడం మీ నాన్న మనసులో ఉన్న దారి. రెండో దారి, నీ ఉద్యోగ ఒప్పందం, జీతం స్లిప్పులు చూపించి తక్కువ అప్పుతో గట్టెక్కడం. ఎంత జీతం ఉంటే ఎంత తగ్గించి చూపించొచ్చో మీ ఊరి విదేశీయుల కార్యాలయంలో ఇప్పుడే అడుగు. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. బార్సిలోనా గ్రూపులో జవాబు పెట్టేకన్నా ముందు ఆ కార్యాలయానికి మెయిల్ పంపాలి.

నీ జీతానికి వద్దాం. 2026లో అక్కడ కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, 30 గంటలకు 417. మినీజాబ్ అనే చిన్న ఉద్యోగానికి సంపాదన హద్దు నెలకు 603 కాబట్టి ఆ లోపే ఉన్నావు. పెన్షన్ కోత వద్దని యజమానికి కాగితం ఇచ్చి ఉండకపోతే ఇప్పుడైనా ఇవ్వు, లేకపోతే నెలకు పదిహేను యూరోలు అటే పోతాయి. చదువుకునేవాళ్ళు ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పని చేయొచ్చు కాబట్టి సెలవుల్లో గంటలు పెంచుకునే వీలూ ఉంది.

417లో మొదటి 110 బ్యాంకుకి పోవాలి. 12 లక్షల మీద నెల వడ్డీ 11,000 రూపాయలు, అంటే అదే. చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదని బ్యాంకు చెప్పడం నిజమే, కానీ కట్టని వడ్డీ చివర్లో అసలులో కలిసి, దాని మీద మళ్ళీ వడ్డీ పడుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కడితే రేటులో ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులు ఉన్నాయి. మీ బ్యాంకులో ఆ రాయితీ ఉందేమో నాన్నని మేనేజర్‌ని అడగమను. తర్వాత 100 ఆపద నిధికి, వెయ్యి అయ్యేదాకా. ఇంట్లో ఎవరికైనా బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే టికెట్ కోసం ఎవరినీ అడగాల్సిన పని ఉండకూడదు. 137 రెండో ఏడాదికి దాచు, పన్నెండు నెలలకి 1,644, అంటే అప్పులో లక్షా అరవై వేలు తగ్గినట్టు. మిగిలిన 70 నీ ఊళ్ళ డబ్బు. జీతం పడిన రోజే వేరే సబ్ అకౌంట్‌లోకి పంపేసి దానికి పేరు పెట్టుకో. అందులో ఉంటే ప్రయాణం, లేకపోతే లేదు. సెమిస్టర్‌కి 420 పోగవుతాయి.

బ్లాక్డ్ అకౌంట్‌లో మిగిలే 126లో 60 ఊళ్ళోనే స్నేహితులకి. కాఫీ, సినిమా, ఎవరి పుట్టినరోజుకో చందా. మిగిలిన 66 కదిలించకు, చలికోటు చిరిగినా లాప్‌టాప్ చార్జర్ పోయినా పనికొస్తాయి.

"నెలకు 70తో ఏం చూస్తాం సార్" అంటావు. నీ పారిస్ లెక్క పంపావు కదా, అది నా ముందే ఉంది. బస్సు రానూపోనూ 44. హాస్టల్ రెండు రాత్రులు 66. తిండి 52. మెట్రో 18. లూవ్ర్ మ్యూజియం 22. ఏవేవో 12. బస్సు టికెట్ చౌకగా దొరికిందని వెళ్ళారు, కానీ బస్సు మొత్తం ఖర్చులో ఐదో వంతే. బుక్ చేసేటప్పుడు అందరూ టికెట్ ధర చూసి సరే అంటారు, అసలు డబ్బు పోయేది శుక్రవారం, శనివారం రాత్రి మంచానికి, ఆకలేసినప్పుడు ఎదురుగా కనిపించిన హోటల్‌కి.

ఇక ఆ 22 చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో నివాసం ఉండే 26 ఏళ్ళ లోపువాళ్ళకి లూవ్ర్ ఉచితం. పౌరసత్వం అక్కర్లేదు, నీ జర్మన్ నివాస కార్డు చాలు. టైమ్ స్లాట్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఓర్సే మ్యూజియంలోనూ మీ వయసువాళ్ళకి ఇలాంటి వెసులుబాటు ఉంది. ఆ కార్డు పర్సులోనే పెట్టుకుని టికెట్ కొన్నావు! ఇకమీదట ఏ ఊరెళ్ళినా కౌంటర్ దగ్గర విద్యార్థులకి ఎంత, 26 లోపువాళ్ళకి ఎంత అని అడగకుండా డబ్బు తీయకు.

మీ సెమిస్టర్ ఫీజులో డాయిష్‌లాండ్ సెమిస్టర్ టికెట్ కలిసే ఉంది. బయట కొంటే 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఐసీఈ, ఐసీ లాంటి దూరపు రైళ్ళు తప్ప దేశమంతా ప్రాంతీయ రైళ్ళు, ట్రాములు, సిటీ బస్సులు ఎక్కొచ్చు. అంటే నీ 70లోంచి ఒక్క యూరో తీయకుండా పొద్దున రైలెక్కి కొలోన్ కేథడ్రల్ చూసి, రైన్ నది ఒడ్డున నడిచి, రాత్రికి నీ మంచం మీద పడుకోవచ్చు. మంచం ఖర్చు లేని ప్రయాణమే చౌక ప్రయాణం. డబ్బాలో చపాతీలు పెట్టుకుని, సీసాలో నీళ్ళు పట్టుకుని వెళ్తే రోజంతా పది యూరోలు దాటదు.

ఆఖెన్‌లో ఉండటమే ఒక అదృష్టం. సిటీ బస్సులో సరిహద్దు అవతల నెదర్లాండ్స్‌లోని ఫాల్స్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి అడవిలో కొండెక్కితే జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ కలిసే చోటు వస్తుంది. 322 మీటర్ల ఎత్తు, నెదర్లాండ్స్ ప్రధాన భూభాగంలో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. మూడు దేశాల్లో కాలు పెట్టి సాయంత్రానికి గదికి రావచ్చు. ఆ ఫోటో స్టేటస్ పెట్టి నాన్నకి కనబడనివ్వు, కింద ఖర్చు కూడా రాయి.

సరిహద్దు దాటేటప్పుడు పాస్‌పోర్టూ నివాస కార్డూ రెండూ దగ్గరుండాలి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. నీ కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. లండన్, డబ్లిన్ అందులోకి రావు, వాటికి వేరే వీసా. ఎవరో చౌక ఫ్లైట్ పంపారని ముందు టికెట్ కొని తర్వాత చూసుకుందాం అనుకోకు.

బస్సు బుక్ చేసేటప్పుడు ప్రయాణ బీమా తీసుకోమని అడుగుతుంది కదా. నీది ప్రభుత్వ ఆరోగ్య బీమా అయితే కార్డు వెనకవైపే యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, స్పెయిన్‌లలో అవసరమైన వైద్యానికి అది పనిచేస్తుంది. ఏటీఎంలో గానీ దుకాణంలో గానీ మన బ్యాంకు కార్డు పెట్టినప్పుడు "రూపాయల్లోనా యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కు. రూపాయలు నొక్కితే వాళ్ళిష్టమొచ్చిన రేటు వేస్తారు. అసలు అక్కడి అకౌంట్ కార్డే వాడితే ఈ గొడవే లేదు.

ఇక ఒంటరితనం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో, ఫ్లాట్ అంతా ఖాళీ అయిన శనివారం ఎలా ఉంటుందో నా దగ్గరికి వచ్చే పిల్లలు చెప్తుంటారు. అలా ఒంటరిగా మిగిలి, చదువు వెనకబడి, ఒక సెమిస్టర్ ఎక్కువ పడితే ఆరు నెలల ఖర్చు ఆరు వేల యూరోలు దగ్గరికి పోతుంది. కాబట్టి మనుషుల కోసం ఖర్చు పెట్టు. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నీకు కావలసింది బ్రస్సెల్స్ కాదు, పక్కన మనిషి. ఆ మనిషి మంగళవారం కూడా దొరుకుతారు. క్లాస్ అవగానే గదికి పరిగెత్తకుండా మెన్సాలో (యూనివర్సిటీ క్యాంటీన్‌లో) ఎవరో ఒకరితో కూర్చుని తిను. యూనివర్సిటీ స్పోర్ట్స్ కోర్సులో చేరు, బయట జిమ్‌తో పోలిస్తే చాలా చౌక. తెలుగో హిందీయో నేర్చుకోవాలనుకునే జర్మన్ అమ్మాయితో వారానికో గంట భాషలు మార్చుకో. నీ జర్మన్ బాగుపడితే రేపు ఉద్యోగానికీ అదే ఆధారం.

స్నేహితులు పిలవడం మానేస్తారనే భయం ఉంది కదా. "నాకు డబ్బు లేదు" అని ముడుచుకోకు, "నా బడ్జెట్ సెమిస్టర్‌కి ఒక పెద్ద ట్రిప్, ఈసారి నేను ఎంచుకుంటా" అని చెప్పు. వాళ్ళలో ఇద్దరైనా ఊపిరి పీల్చుకుంటారు, అప్పు మీద వచ్చింది నువ్వొక్కదానివే కాదు. బిల్లు పంచుకునే దగ్గర కూడా మొహమాటపడకు. జర్మనీలో వెయిటరే "త్సుజామన్, ఓడర్ గెట్రెన్ట్" అని అడుగుతాడు, కలిపా విడివిడిగానా అని. గెట్రెన్ట్ అను. తాగని బీరుకి నువ్వెందుకు కట్టాలి?

బార్సిలోనాకి ఈసారి వెళ్ళొద్దు. ఫిబ్రవరి చివరికి నీ ఊళ్ళ డబ్బు 140 అవుతుంది, వాళ్ళడిగేది 320. పైగా అప్పటికి నీ పరీక్షలూ అనుమతి పొడిగింపూ రెండూ తలమీద ఉంటాయి. జూన్ చివరికి 420 అవుతాయి. వేసవి సెమిస్టర్ క్లాసులు అయ్యాక, వారం మధ్యలో, ఇద్దరు ముగ్గురితో మూడు రోజులు వెళ్ళు, టికెట్ ఏప్రిల్‌లోనే కొను. ఈ ఫిబ్రవరిలో వాళ్ళు తిరిగొచ్చే ఆదివారం రాత్రి పప్పూ అన్నం వండి పెట్టు. మూడు రోజులు బ్రెడ్ తిని వచ్చేవాళ్ళు, కబుర్లన్నీ నీ వంటింట్లోనే చెప్తారు.